గడియ మీద చెయ్యి

పోస్టుమాన్ వి.పి.పి. పార్శిలు ఇచ్చి వెళ్ళగానే ముడి విప్పే ఓపిక లేక దారాన్ని పళ్ళతో కొరికాను. లోపల పాత దెయ్యాల బొమ్మల కథల సంపుటం, మూడోది. ఆ కథలు వేసిన పత్రిక నేను పుట్టకముందు మద్రాసు నుంచి నెలనెలా వచ్చేది. నేను బడికి పోయే నాటికే ఆగిపోయింది. ఇన్నేళ్ళకు ఎవరో మహానుభావుడు దాన్ని సంపుటాలుగా కట్టి మళ్ళీ అచ్చు వేస్తున్నాడని వారపత్రికలో ప్రకటన చూశాను. అప్పటి నుంచి నాకు కుదురు లేదు. మొదటి రెండు సంపుటాల్లో నాకు కావలసిన కథ రాలేదు. మూడోదాంట్లో వచ్చింది.

అప్పుడు మేము కుప్పంలో ఉన్నాము. నాకు ఇరవై రెండేళ్ళు. డిగ్రీ చేతికొచ్చింది, ఉద్యోగం రాలేదు. మా అమ్మ వసారాలో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తోంది. నేను పుటలు తిప్పే చప్పుడుకు ఆమె చేతులు ఆగిపోయాయి.

"వచ్చిందా రా అది?"

"వచ్చింది మా."

"తీసిందా మరి?"

కథ చివరి పుటకు వెళ్ళాను. చివరి బొమ్మలో ఒక ఆడమనిషి చెయ్యి తలుపు గడియ మీద ఉంది. పదమూడేళ్ళుగా ఆ చెయ్యి అక్కడే ఉంది. దాని కింద కొత్తగా ఒక మాట వేశారు: సమాప్తం.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"అయిపోయిందని రాసినారు మా. ఈడికే అయిపోయిందంట."

అమ్మ నన్ను ఎగాదిగా చూసింది, ఆ కథ రాసింది నేనే అన్నట్టు. "చెయ్యి గడియ మీద పెట్టుకోని ఎవురన్నా అట్లే నిలబడిపోతారా? అట్ల యాడన్నా ఉంటాదా? సరిగ్గా సూడు" అని మళ్ళీ కాయలు ఒలవసాగింది.

ఆ చెయ్యి సంగతి చెప్పాలంటే మదనపల్లె నుంచి మొదలుపెట్టాలి.

మా నాన్న పట్టుపురుగుల శాఖలో చిన్న ఉద్యోగి. నా చిన్నతనం మదనపల్లెలో గడిచింది. మార్కెట్టు వెనక సందులో ఒక ముసలి సాయిబు బైండింగు అంగడి పెట్టుకుని ఉండేవాడు. ఆఫీసు ఫైళ్ళు, వకీళ్ళ లావుపాటి పుస్తకాలు, బడిపిల్లల పుస్తకాలు, ఏది ఇచ్చినా కుట్టి అట్టలు వేసి ఇచ్చేవాడు. మైదా గంజిలో మైలుతుత్తం కలిపి అంటించేవాడు, పురుగు పట్టకుండా. ఆయన అంటించిన ఏ కాగితమైనా అంచుల్లో కాస్త నీలం తిరిగి ఉండేది. అంగడి మూలన ఒక బల్ల మీద పాత బొమ్మల కథలుండేవి. ఆ పత్రికలు ఎక్కడెక్కడి నుంచో తెచ్చి, ఆరారు కలిపి ఒక పుస్తకంగా కుట్టి పిల్లలకు బాడుగకు ఇచ్చేవాడు. అందరం ఆయన్ను సాయిబు తాత అనేవాళ్ళం.

అమ్మకు చదువు రాదు. సాయంత్రం బడి నుంచి వచ్చి నేను ఆ పుస్తకాలు పైకి చదివితే, ఆమె చింతపండులో గింజలు తీస్తూ వినేది. దెయ్యాల కథలంటే నాకు భయమే. అందుకే ఒంటరిగా చదవకుండా ఆమె పక్కన కూర్చుని చదివేవాణ్ణి. చదువు రాని అమ్మకు చదివి వినిపిస్తున్నానని చుట్టుపక్కలవాళ్ళు నన్ను మెచ్చుకునేవారు. ఊరికే వచ్చిన మెప్పు ఎవరికి చేదు?

ఇక్కడ మా చెల్లెలి సంగతి కూడా చెప్పాలి. అప్పటికి రెండేళ్ళ ముందు ఆమె తట్టు వచ్చి పోయింది. నాలుగేళ్ళ పిల్ల. నేను అప్పుడే టైఫాయిడ్ నుంచి లేచి, గాలి తగిలితే పడిపోయేలా ఉన్నాను. నాకు కూడా అంటుకుంటుందని మా అవ్వ, అంటే నాన్నమ్మ, పిల్లను తీసుకుని మధ్యగదిలోకి పోయింది. అమ్మా నేనూ వసారాలో ఉన్నాము. ఆ గది తలుపుకు వేపమండలు కట్టారు. నాకు గుర్తున్నది ఆ మండలు, మూసిన తలుపు, అంతే. తర్వాత ఒక రోజు ఇంటినిండా జనం. ఆ పైన ఏడాదికి అవ్వ కూడా పోయింది. చెల్లెలి గురించి అమ్మ మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు. ఆమె పేరు కూడా మా ఇంట్లో ఎవరూ పలికేవారు కాదు.

అలాంటి రోజుల్లో ఆ కథ చదివాను. ఒక ఊళ్ళో చిన్నపిల్ల బావిలో పడి చనిపోతుంది. ఆ తర్వాత ప్రతి గురువారం దీపాలు పెట్టే వేళకు ఇంటి తలుపు మీద తడిచేతుల చప్పుడు వినిపిస్తుంది. "అమ్మా, చలి" అని పిలుపు. తీయొద్దంటారు ఊరి పెద్దలు. తీస్తే ఇంట్లో మిగిలిన బిడ్డను కూడా తీసుకుపోతుందంటారు. తల్లి చెవులు మూసుకుని కూర్చుంటుంది. బొమ్మలు వేసినవాడు ఎవరోగానీ గట్టివాడు. ఆ తల్లి కళ్ళ కింద రెండు గీతలు గీశాడు, అంతే, ఆమె ఎన్నాళ్ళుగా నిద్రపోలేదో తెలిసిపోతుంది. చివరి పుటలో ఆమె లేస్తుంది. నడుస్తుంది. చెయ్యి గడియ మీద వేస్తుంది. కింద సన్న అక్షరాల్లో ఒక వరస: ముగింపు వెనుక అట్ట లోపలివైపు.

వెనుక అట్ట లేదు. ఆ బొమ్మ తర్వాత వచ్చేది తర్వాతి నెల పత్రికలోని ఇంకో కథ మొదటి పుట. సాయిబు తాత ఆరు పత్రికలకూ అట్టలన్నీ ఊడబీకి, లోపలి కాగితాలను మాత్రమే కుట్టాడు.

"తర్వాత?" అంది అమ్మ.

"లేదు మా."

"లేకుండా ఎట్ల పోతాది? సూడు బాగా."

మర్నాడు బడి వదలగానే అంగడికి పరిగెత్తాను. "తాతా, ఈ పుస్తకానికి వెనక అట్ట యాడ?"

ఆయన సూది ఆపలేదు. "అట్ట ఎందుకు రే నీకు? కథ లోపల ఉండాది గదా."

"కథ అట్ట మీద ఉండాది. ముగింపు దాంట్లోనే ఉండాదంట."

"అట్ట మందం. లోపలి కాయితంతో కలిపి కుడితే కుట్టు నిలవదు. ఊడదీసినా."

"ఊడదీసి యాడ పారేసినావు?"

ఆ మాటకు ఆయనకు కోపం వచ్చింది. "అక్షరం ఉండే కాయితం నేను పారేయను బేటా. కాల్చను గూడా. తప్పు. దాని జాగాలో అది ఉండాది."

"ఏ జాగా?"

"నక్కో రే, తల తినొద్దు. పో, ఇంటికి పో."

కథలు చదవని మనిషికి కథల పుస్తకాలు కుట్టే పని ఎవరు ఇచ్చారని తిట్టుకుంటూ ఇంటికి వచ్చాను. పెళ్ళికి పిలిచి, తాళి కట్టే వేళకు పందిట్లోంచి లేపి పంపినట్టుంది. తలుచుకుంటే ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది.

నా అవస్థ ఒకటైతే అమ్మది మరొకటి. నాకు ఆ ముగింపు దొరకలేదన్న కోపం ఉండేదిగానీ, ఇంకో పుస్తకం చేతిలో పడితే మరిచిపోయేవాణ్ణి. ఆమె మరవలేదు. అన్నం పెడుతూ అడిగేది. తల దువ్వుతూ అడిగేది. "తెలిసిందా రా, ఆయమ్మ తలుపు తీసిందా?" వేరే ఏ కథ గురించీ ఆమె ఇలా అడగలేదు. కొమ్ముల రాక్షసులు, తలలు తెగిన రాజులు ఎంతమంది వచ్చి పోయినా వాళ్ళ గతి ఏమైందని ఆమెకు పట్టలేదు. నాకు విసుగు పుట్టింది. తొమ్మిదేళ్ళ వాడి విసుగుకు జాలి తక్కువ.

ఒక సాయంత్రం, తెలిసిపోయినట్టు ముఖం పెట్టి చెప్పేశాను. "దొరికింది మా ముగింపు. మంత్రగాడు వచ్చి వేపమండతో కొట్టి దెయ్యాన్ని తరిమేసినాడు. ఆయమ్మ తలుపు తీయలేదు. మంచి పని చేసింది. తీసుంటే ఇంట్లో ఉండే బిడ్డ గూడా పోతాండె."

ఆ రోజుల్లో దెయ్యాల కథలన్నీ అలాగే ముగిసేవి. కాబట్టి ఇదీ అలాగే ముగిసి ఉంటుందనుకున్నాను. నిజం చెప్పాలంటే అబద్ధం ఆడుతున్నానని కూడా అనిపించలేదు. అమ్మ చేతిలోని చింతపండు చేటలో పెట్టింది. చేటను మోకాలితో పక్కకు నెట్టి లేచి లోపలికి పోయింది. ఆ రాత్రి నాకు అన్నం నాన్న పెట్టాడు.

మర్నాడు పొద్దున్నే పొయ్యి దగ్గర కూర్చుని, నా వైపు తిరగకుండానే అంది. "అట్ల రాసుండరు. నువ్వు సదవలే."

ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆ పుస్తకాన్ని తిరిగి ఇవ్వమని మాత్రం ఎన్నడూ చెప్పలేదు. ఈలోగా నాన్నకు పుంగనూరుకు బదిలీ అయింది. సామాన్లు సర్దే గందరగోళంలో పుస్తకం ఇవ్వడం మరిచిపోయానని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. మరిచిపోలేదు, దొంగిలించాను. దాన్ని ట్రంకు పెట్టెలో పాత చీర కింద పెట్టింది మాత్రం నేను కాదు.

పుంగనూరులో నా కోపానికి పని దొరికింది. ఆ పత్రిక అసలు ప్రతి ఎక్కడైనా దొరక్కపోతుందా అని పాత కాగితాల వెంట పడ్డాను. సంతరోజు పశువులు, కూరగాయలు, మనుషులు ఒకరినొకరు తోసుకుంటూ ఉంటే నేను పొట్లాలు చూస్తూ తిరిగేవాణ్ణి. చౌడేపల్లె నుంచి వచ్చి బొరుగులు అమ్మే ఆమె పాత పత్రికలు చించి పొట్లాలు కట్టేది. ఆమె గంప పక్కన గొంతుక్కూర్చుని ఒక్కో కాగితమూ తిరగేసేవాణ్ణి.

"కొనేది పిడికెడు, సూసేది గంపెడు. యాల రా అబ్బోడా నీకీ పాట్లు?" అనేది.

"ఒక బొమ్మ కోసం అవ్వా."

"బొమ్మ కావాలంటే తిరణాలకు పో. ఈడ నా యాపారం సెడగొట్టొద్దు."

ఒకసారి నిజంగానే ఆ పత్రిక వెనుక అట్ట దొరికింది. అదే సైజు, అదే కాగితం. పొట్లం విప్పే తొందరలో బొరుగులన్నీ దుమ్ములో పోశాను. లోపలివైపు పళ్ళపొడి ప్రకటన ఉంది. ఒక లావాటాయన ముప్పై రెండు పళ్ళూ బయటపెట్టి నన్ను చూసి నవ్వుతున్నాడు. ఆ పళ్ళు రాలగొట్టాలనిపించింది. వేరే నెల అట్ట అది.

పత్రికవాళ్ళ చిరునామాకు ఉత్తరం రాశాను. అలాంటి చిరునామా లేదని ముద్ర వేయించుకుని నా ఉత్తరం నా దగ్గరికే వచ్చింది. బడిలో అడిగితే ప్రతివాడూ ఒక ముగింపు చెప్పేవాడు. ఆ తల్లే దెయ్యమని ఒకడు, అదంతా కల అని ఒకడు. ఒకడైతే జామకాయ తిన్నాకే చెబుతానన్నాడు. తిన్నాక "నాకూ తెలీదు రా" అన్నాడు. నేను ఏ పాత కాగితం పట్టుకుని ఇంట్లోకి వచ్చినా అమ్మ ఒక్కసారి తలెత్తి చూసేది. నేను తల అడ్డంగా ఊపేవాణ్ణి. ఆమె తల దించుకునేది. అడగడం మానేసింది కదా, మరిచిపోయిందనుకోవడానికి లేకుండా ఆ చూపు ఒకటి నా ప్రాణానికి.

ఇక ఆ దొంగిలించిన పుస్తకం సంగతి. దాని అట్టలు భలే గట్టివి. అమ్మకు తెలియకుండా పెట్టెలోంచి తీసి, దాన్ని ఒళ్ళో పెట్టుకుని దాని మీద కాగితం వేసి లెక్కలు చేసుకునేవాణ్ణి. పదో తరగతి పరీక్షలకు చదివింది దాని మీదే. ఒకసారి దానితో తేలును కూడా కొట్టాను. ఈ సంగతులు గుర్తుపెట్టుకోండి. నా తల గోడకు కొట్టుకోవాల్సిన ఘట్టం ముందుంది.

అలా పుంగనూరు నుంచి కుప్పం వచ్చాము. అలా ఆ మూడో సంపుటం వచ్చింది. అలా "సమాప్తం" వచ్చింది.

ఆ ఒక్క మాటతో ఆగి ఉంటే నేను ఎలాగో మింగేవాణ్ణి. సంపుటానికి ముందుమాట రాసిన పెద్దమనిషి ఆ కథ గురించి అర పుట రాశాడు. గడియ మీద చెయ్యి వేయించి ఆపేయడంలో రచయిత చూపిన సంయమనం అసామాన్యమట. తలుపు తెరిచే బాధ్యతను పాఠకుడికే వదిలేశాడట. బాధ్యత! వెనుక అట్టలో చూడమని కథ కింద అచ్చు వేసిన ఆ సన్న అక్షరాల వరసను శుభ్రంగా చెరిపేసి, దాని చోట "సమాప్తం" అతికించి, మళ్ళీ పాఠకుడి బాధ్యతంటాడు. పోగొట్టింది వాళ్ళు, వెతకాల్సింది మేము.

ప్రచురణకర్తకు నాలుగు పుటల ఉత్తరం రాశాను. అందులో మర్యాద మొదటి వరసలోనే అయిపోయింది. పది రోజులకు ఒక కార్డు వచ్చింది. "మాకు లభించిన ప్రతిలో అంతవరకే ఉన్నది. ఆ పత్రిక పూర్తి సెట్టు మదనపల్లెలో ఒక వృద్ధ బైండరు వద్ద తప్ప ఎక్కడా లభించలేదు."

కార్డు చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ సాయిబు తాత మదనపల్లె పిల్లలకు మాత్రమే ముగింపు లేకుండా చేశాడనుకున్నాను. ఇప్పుడు ఆయన పుణ్యమా అని తెలుగువాళ్ళందరికీ లేకుండా పోయింది.

మర్నాడే బస్సెక్కాను. గంగవరం దగ్గర టైరు పంక్చరైంది. దిగి రోడ్డు పక్కన నిలబడి, ముసలాయనను ఏమేమి అనాలో వరసగా నేర్చుకున్నాను. మదనపల్లె చేరేసరికి నా ప్రసంగం తయారు.

అంగడి అక్కడే ఉంది. మనిషి సగమయ్యాడు. కళ్ళలో శుక్లాలు. కొడుకు కుడుతున్నాడు, ఈయన పక్కన కూర్చుని కాగితాలు మడత పెడుతున్నాడు. నేను నా ప్రసంగం ఎత్తుకోకముందే నా చేతిలోని సంపుటాన్ని తడిమి తీసుకున్నాడు. వెన్ను మీద బొటనవేలు నడిపాడు.

"కుట్టు లేదు" అన్నాడు అసహ్యంగా. "గోందు పూసి అతికించినారు. రెండేండ్లకు కాయితాలన్నీ చేతికొస్తాయి. ఇదేం బైండింగు?"

"బైండింగు సంగతి పక్కన పెట్టు తాతా. నువ్వు అట్టలు ఊడబీకినందుకు ఈ పుస్తకంలో గూడా ముగింపు లేదు. నీ దగ్గిర తీసుకున్న సెట్టు సూసే వాళ్ళు అచ్చేసినారు. పదమూడేండ్ల నుంచి తిరగతాండాను నేను దీనికోసం."

ఆయన చెవి నా వైపు తిప్పి, అట్టల గొడవను బట్టి లెక్క కట్టాడు. "పట్టుపురుగుల సారు కొడుకు గదా నువ్వు?"

"అవును."

"వాళ్ళు తీసుకోని పోయింది నేను ఇంట్లో పెట్టుకున్న సెట్టు. బాడుగ సెట్టులో ఒక పుస్తకం తక్కువ. అది నీ దగ్గిర ఉండాది. ఏం చేసినావు?"

నా ప్రసంగం అక్కడితో సరి. "ఇంట్లో ఉండాది" అన్నాను.

"మరి నన్ను అడిగేదానికి యాల వచ్చినావు? దాని అట్ట తడిపి చీల్చి సూడు."

నాకు అర్థం కాలేదు. ఆయన కొడుకు చేతిలోంచి ఆరీ ఆరని అట్ట ఒకటి తీసుకుని అంచు నాకు చూపించాడు. పొరలు పొరలుగా ఉంది. ఒకదాని మీద ఒకటి అంటించిన పాత కాగితాలు. నీలం తిరిగిన గంజి.

"గట్టి అట్ట కొనాలంటే ఖరీదు. ఊడదీసిన కాయితాలే అంటించి చేసుకుంటాము. ఒకరి పుస్తకం కాయితం ఇంకొకరి పుస్తకంలో మాత్రం ఎయ్యను. ఏ కాయితం మీద ఎవురి దేవుని మాట ఉండాదో నాకేం తెలుసు? యా పుస్తకం కాయితం ఆ పుస్తకం అట్టలోనే పెడతాను. దాని జాగాలో అది ఉండాదని ఆ పొద్దే చెప్పినా గదా నీకు."

"అది అట్టలో ఉండాదని చెప్పొచ్చు గదా తాతా!"

"చెప్తే ఆ పొద్దే చీల్చేస్తావు. బాడుగ పుస్తకం అది."

నేను లెక్కలు చేసుకున్నది దాని మీద. తేలును కొట్టింది దానితో. సంతలో పొట్లాలు విప్పుతూ దుమ్ములో దొర్లుతున్నప్పుడు అది మా ఇంట్లో ట్రంకు పెట్టెలో చల్లగా పడుకుని ఉంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికిందట, వెనకటికి ఒకామె. నేను లేచి వస్తుంటే ఆయన వెనక నుంచి అరిచాడు. "గోరువెచ్చని నీళ్ళలో పెట్టు బేటా. లాగొద్దు. అదే ఇడిసేదాకా కాచుకో."

కాచుకోవడం నాకు పుట్టుకతో రాలేదు. మరుసటి రోజు మధ్యాహ్నం కుప్పంలో పెద్ద సత్తు గిన్నెలో నీళ్ళు కాచి పోశాను. అమ్మ పెట్టెలోంచి పుస్తకం తెచ్చింది. ముందు అట్ట కోసి నీళ్ళలో వేసి, కాసేపటికే ఓపిక పట్టలేక రెండు పొరల మధ్య గోరు దూర్చి లాగాను. పర్రుమని చిరిగింది. బొమ్మ సగం ఇటు, సగం అటు. ఎవరిదో తల, ఒక కత్తి మొన, మిగిలినదంతా ముద్ద.

"నువ్వు అట్ల పో" అంది అమ్మ.

నన్ను జరిపి తాను కూర్చుంది. వెనుక అట్టను నీళ్ళలో ముంచి, చెయ్యి పైన పెట్టి, ఊరికే ఉండిపోయింది. నేను వసారాలో అటూ ఇటూ తిరిగాను. రెండుసార్లు "సూడొచ్చు గదా మా" అన్నాను. ఆమె చెయ్యి తీయలేదు. నీళ్ళు నెమ్మదిగా నీలం తిరిగాయి. ఎప్పటికో ఒక మూల తనంతట తాను లేచింది. ఆమె దాని కింద వేలు పెట్టి, పట్టుగూళ్ళ నుంచి దారం అందుకునేవాళ్ళంత మెల్లగా, ఒక్కో పొరా వదిలించింది. పళ్ళపొడి ఆయన మళ్ళీ వచ్చి నవ్వాడు. తలనూనె ప్రకటన వచ్చింది. మూడోది ఇంకో కథ ముగింపు. నాలుగోది తీసి అమ్మ ఆగిపోయింది.

నేను వంగి చూశాను. అదే తల్లి. కళ్ళ కింద అవే రెండు గీతలు. తలుపు బార్లా తీసి ఉంది. ఆమె గడప మీద నిలబడి దీపం ఎత్తి చూస్తోంది. బయట ఎవరూ లేరు. మెట్ల మీద చిన్న చిన్న తడి అడుగులు మాత్రం ఉన్నాయి. గడప దాకా వచ్చి, అక్కడ కాసేపు నిలబడినట్టు మడుగు కట్టి, మళ్ళీ బావి వైపు వెనక్కి పోయాయి.

ఇదా ముగింపు? పదమూడేళ్ళు తిరిగింది దీనికోసమా? తలుపు తీసేసరికి పిల్ల వెళ్ళిపోయింది. ఆలస్యమైపోయింది. బొమ్మ కింద రెండు వరసల అక్షరాలు ఉండేవి. అవి పక్క కాగితానికి అంటుకుపోయి నీలం మరకగా మిగిలాయి. అమ్మకు ఈ సంగతి ఎలా చెప్పాలా అని నేను మాటలు వెతుక్కుంటున్నాను. చెప్పాల్సిన పని లేదని తట్టలేదు. ఆమెకు రానిది చదువు. బొమ్మ చూడడం నాకంటే బాగా వచ్చు.

"తీసింది" అంది అమ్మ.

"తీసింది గానీ మా, బయట ఎవురూ లేరు. పిల్ల పోయింది."

"ఉంటే ఏమి, లేకుంటే ఏమి. తీసింది గదా."

తడి కాగితాన్ని రెండు చేతుల మీద పట్టుకుని చాలాసేపు చూసింది. ఆ తర్వాత, నా వైపు కాకుండా ఆ కాగితం వైపే చూస్తూ, పదిహేనేళ్ళలో మొదటిసారి మా చెల్లెలి పేరు పలికింది.

"అది ఆ గదిలోంచి పిలిచింది రా నన్ను. బయటికి పరిగెత్తి వస్తాదని మీ అవ్వ నా చేతనే బయట గడియ పెట్టించింది. తలుపును చేత్తో కొడతా ఉంది. అమ్మా, అమ్మా అని. నువ్వు నా ఒళ్ళో పడుకోని ఉండావు. నీకు అంటుకుంటాదని మీ అవ్వ వద్దనింది. నేను లేచినా. గడియ మీద చెయ్యి గూడా పెట్టినా." బొమ్మలోని తలుపును బొటనవేలితో తాకింది. "తీయలేదు."

తలుపు తీయలేదు, మంచి పని చేసింది, తీసుంటే ఇంట్లో ఉండే బిడ్డ గూడా పోతాండె. ఆ మాటలు నేను ఈ మనిషి ముఖం మీదే అన్నాను. ఏ బిడ్డ కోసం ఆమె తీయలేదో ఆ బిడ్డే అన్నాడు. నాకు ఏడుపు వచ్చింది. నా కోపాలన్నీ ఎవరి మీదవో, ఎందుకోసమో నాకే తెలియకుండా పోయాయి.

అమ్మ లేచి ఆ కాగితాన్ని వసారా తీగ మీద, తన రవికెల పక్కన ఆరేసింది. గాలికి ఎగరకుండా అంచు మడిచి, ఒక్క క్షణం తటపటాయించి అడిగింది.

"కింద ఏందో రాసుండాది గదా. ఏమని రాసినారు?"

ఆమెకు కావలసిన మాట ఒకటి చెప్పొచ్చు. తొమ్మిదేళ్ళప్పుడు చెప్పినంత తేలిక. నోటిదాకా వచ్చింది కూడా.

"అక్షరాలు పోయినాయి మా. తెలీదు."

అమ్మ తల ఊపింది. "పోనీలే. ఈసారి నిజమే చెప్పినావు" అని, గిన్నెలో నీలం నీళ్ళు పారబోయడానికి పెరట్లోకి వెళ్ళింది.